ఆర్ కోడ్‌కూ ఫీల్డ్ బుక్ క్రమశిక్షణ అవసరం

బి.పి.టి. 5204 అంటే బాపట్లలో రూపొందిన సాంబ మసూరి అనీ, ఎం.టి.యు. 1010 అంటే మారుటేరు నుంచి వచ్చిన కాటన్‌దొర సన్నాలు అనీ, ఆర్.ఎన్.ఆర్. 15048 అంటే రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా అనీ తెలుగు నేలపై వరి పండించే రైతుకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. పరిశోధనా కేంద్రాన్ని తెలిపే మూడక్షరాలు, వాటి వెంట ఒక సంఖ్య. ఇంత చిన్న నియమాన్ని ప్రజనన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా తప్పకుండా పాటించినందువల్లనే ఒక కేంద్రపు విత్తనం మరో కేంద్రపు విత్తనంతో కలగాపులగం కాకుండా నిలిచింది. ప్రయోగ క్షేత్రంలోనూ ఇదే పద్ధతి. ప్రతి మడి మూలన ఒక కర్ర, దానిపై ట్రీట్‌మెంట్ సంఖ్య, రెప్లికేషన్ సంఖ్య ఉంటాయి. ఫీల్డ్ బుక్‌లో తేదీ, కొలత, కొలత ప్రమాణం ఉంటాయి. కర్రలు లేని ప్రయోగ క్షేత్రాన్ని పర్యవేక్షణ బృందం అంగీకరించదు. కొలత ప్రమాణం రాయని ఫీల్డ్ బుక్‌పై మార్గదర్శకుడు సంతకం చేయడు.

ఈ క్రమశిక్షణ అంతా కోత, నూర్పిడి, తూకం పూర్తయ్యేవరకే కొనసాగుతోంది. దత్తాంశం కంప్యూటర్‌లోకి ప్రవేశించిన క్షణం నుంచి పరిస్థితి మారిపోతోంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘సార్ దిద్దిన ఫైనల్’ అనే పేర్లతో ఒకే ప్రయోగానికి మూడు నాలుగు ఫైళ్లు పుడుతున్నాయి. ఆర్ భాషలో రాసిన కోడ్‌లో ధాన్యపు దిగుబడికి ‘ఎక్స్ 1’, గడ్డి దిగుబడికి ‘ఎక్స్ 2’ అనే పేర్లు కనిపిస్తున్నాయి. వైవా ముగిసిన ఆరు నెలలకు ఆ కోడ్‌ను దాన్ని రాసిన విద్యార్థే చదువుకోలేని స్థితి ఏర్పడుతోంది. ఆ విద్యార్థి ఉద్యోగంలో చేరి ల్యాప్‌టాప్‌తో సహా వెళ్లిపోయాక విభాగం వద్ద మిగిలేది అచ్చయిన పట్టికలు మాత్రమే. ఆ పట్టికలు ఎలా వచ్చాయో చెప్పగలిగే ఆధారం మిగలదు.

కోడ్ రచనా నియమాలు అంటే అందంగా రాయడానికి ఇచ్చే సలహాలుగా మాత్రమే చూడటం ఈ దుస్థితికి ఒక ముఖ్య కారణం. వ్యవసాయ పరిశోధనలో విశ్లేషణ కోడ్ కూడా ప్రయోగ రికార్డులో భాగమే. దానికి ఫీల్డ్ బుక్‌కు ఉన్న హోదా, ఫీల్డ్ బుక్‌కు ఉన్న నియమాలు ఉండాలి.

అయోమయానికి మూలం

ఆర్‌లో పేర్లు, గుర్తులు ఒక పద్ధతిలో లేకపోవడానికి చారిత్రక కారణాలున్నాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు 1976లో ఎస్ అనే గణాంక భాషకు శ్రీకారం చుట్టారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల ఆరంభంలో ఆ బాటలోనే ఆర్‌ను రూపొందించారు. దాని 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఎస్‌లోనూ, తొలినాళ్ల ఆర్‌లోనూ అండర్‌స్కోర్ గుర్తు ఒక పేరుకు విలువను కేటాయించే పనికి ఉపయోగపడేది. అందువల్ల రెండు పదాల పేరును కలపడానికి చుక్కను వాడవలసి వచ్చింది. డేటా డాట్ ఫ్రేమ్, రీడ్ డాట్ సి.ఎస్.వి. వంటి పాత ఫంక్షన్ల పేర్లలో చుక్క ఉండటానికి కారణం ఇదే. 2003లో వచ్చిన 1.8.0 వెర్షన్‌లో అండర్‌స్కోర్‌కు ఆ బాధ్యత తొలగించారు. 2004లో వచ్చిన 1.9.0 నుంచి దాన్ని పేర్లలో వాడుకునేందుకు అనుమతించారు. అప్పటికే వేలాది ఫంక్షన్లు చుక్కలతో స్థిరపడిపోయాయి. రాస్మస్ బోత్ 2012లో ది ఆర్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం, ఆర్ ప్యాకేజీలలో పేర్లు పెట్టే పద్ధతులు పలు రకాలుగా ఉన్నాయనీ, ఏ ఒక్కటీ అందరికీ ప్రమాణం కాలేదనీ చూపింది.

విలువను కేటాయించే గుర్తు కథ కూడా ఇలాంటిదే. మొదటి నుంచీ ఉన్నది ఎడమవైపు చూసే బాణం గుర్తు ‘<-’. 2001లో వచ్చిన 1.4.0 వెర్షన్ నుంచి ‘=’ గుర్తునూ అంగీకరిస్తున్నారు. నేడు విస్తృత ఆదరణ పొందిన టైడీవర్స్ శైలి మార్గదర్శిక బాణం గుర్తునే వాడమంటుంది. పేర్లను చిన్న అక్షరాలలో రాసి, పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టమంటుంది. ఒక పంక్తి 80 అక్షరాలు దాటకూడదంటుంది. గూగుల్ సంస్థ తన పాత మార్గదర్శికను పక్కనపెట్టి, టైడీవర్స్ నియమాలనే ఆధారంగా చేసుకొని కొద్ది మార్పులతో పాటిస్తోంది. ఫంక్షన్ల పేర్లలో ప్రతి పదాన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం ఆ మార్పులలో ఒకటి. ప్రపంచస్థాయి మార్గదర్శికలే అన్ని అంశాలలో ఏకీభవించడం లేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రెండు తరగతుల నియమాలు

ఈ నియమాలన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. వీటిలో కొన్ని అభిరుచికి సంబంధించినవి. చుక్కా, అండర్‌స్కోరా, రెండు ఖాళీలా, నాలుగు ఖాళీలా అన్నవి ఈ కోవలోకి వస్తాయి. వీటిలో ఏది ఎంచుకున్నా ఫలితం మారదు. ఒక విభాగంలో అందరూ ఒకటే పాటిస్తే చదవడం సులువవుతుంది, అంతే. మరికొన్ని నియమాలు తప్పును అడ్డుకునేవి. వీటిని విస్మరిస్తే ఆర్ ఎలాంటి హెచ్చరికా ఇవ్వకుండానే తప్పు ఫలితాన్ని శుభ్రమైన పట్టికగా అందించే ప్రమాదం ఉంది. వ్యవసాయ పరిశోధకులు మొదట పట్టించుకోవలసినది ఈ రెండో తరగతినే.

అతి సాధారణమైన ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లతో ఒక రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ ప్రయోగం ఉందనుకుంటే మొత్తం మడులు 24. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మొత్తం 23. అందులో రెప్లికేషన్లకు 2, ట్రీట్‌మెంట్లకు 7, ఎర్రర్‌కు 14 రావాలి. దత్తాంశపు ఫైలులో ట్రీట్‌మెంట్లను 1 నుంచి 8 వరకు, రెప్లికేషన్లను 1 నుంచి 3 వరకు అంకెలుగా నమోదు చేసి, వాటిని ఫ్యాక్టర్‌గా ప్రకటించకుండా విశ్లేషణకు పంపితే ఆర్ ఆ అంకెలను కొలతలుగా భావిస్తుంది. అప్పుడు రెప్లికేషన్లకు 1, ట్రీట్‌మెంట్లకు 1, ఎర్రర్‌కు 21 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వస్తాయి. అంటే ఎనిమిది భిన్నమైన యాజమాన్య పద్ధతుల మధ్య ఒక సరళరేఖను గీసినట్లవుతుంది. పట్టిక మాత్రం యథావిధిగా వస్తుంది, ఎఫ్ విలువ పక్కన నక్షత్రపు గుర్తులూ వస్తాయి. ట్రీట్‌మెంట్లను ‘టి1’, ‘టి2’ అనీ, రెప్లికేషన్లను ‘ఆర్1’, ‘ఆర్2’ అనీ అక్షరంతో మొదలుపెట్టి నమోదు చేయాలన్న ఒక్క నియమంతో ఈ తప్పు నివారణ అవుతుంది. ప్రయోగ క్షేత్రంలోని కర్రపై రాసేది కూడా అలాగే కదా.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే తప్పు మరింత ప్రమాదకరం. హెక్టారుకు 0, 40, 80, 120 కిలోల నత్రజని మోతాదులను ఫ్యాక్టర్‌గా మార్చి విస్తృతి విశ్లేషణ చేసిన తర్వాత, ప్రతిస్పందన సమీకరణం కోసం అదే కాలమ్‌ను నేరుగా యాజ్ డాట్ న్యూమరిక్‌తో అంకెలుగా మారిస్తే వచ్చేవి 0, 40, 80, 120 కావు. వాటి వరుస సంఖ్యలైన 1, 2, 3, 4 వస్తాయి. గరిష్ఠ దిగుబడినిచ్చే మోతాదును ఆ సమీకరణం నుంచి లెక్కగడితే వచ్చే సంఖ్యకు పొలంతో సంబంధం ఉండదు. ఫ్యాక్టర్‌కు ఒక పేరు, మోతాదుకు ఒక పేరు పెట్టి, మోతాదు పేరులోనే ‘కిలో హెక్టారుకు’ అన్న ప్రమాణాన్ని సూచించే అక్షరాలు చేర్చడం ఇక్కడ పాటించవలసిన నియమం.

స్ప్లిట్ ప్లాట్ ప్రయోగాలలో తప్పు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ప్రధాన మడులలో మూడు నీటి యాజమాన్య పద్ధతులు, ఉప మడులలో నాలుగు నత్రజని మోతాదులు, మూడు రెప్లికేషన్లు ఉంటే ప్రధాన మడుల ఎర్రర్‌కు 4, ఉప మడుల ఎర్రర్‌కు 18 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉండాలి. కోడ్‌లో ఎర్రర్ పదాన్ని రాయడం మరిచిపోతే ఈ రెండూ కలిసి 22 అవుతాయి. నీటి యాజమాన్యాన్ని పరీక్షించేటప్పుడు అయిదు శాతం స్థాయిలో ఎఫ్ పట్టిక విలువ 6.94 ఉండవలసిన చోట 3.44 అవుతుంది. నిజానికి నిరూపణ కాని నీటి పద్ధతి ప్రభావం నిరూపణ అయినట్లు కనిపించే అవకాశం ఏర్పడుతుంది. విశ్లేషణ నడపడానికి ముందే రావలసిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను చేతితో లెక్కించి కోడ్ పైభాగంలో వ్యాఖ్యగా రాయాలన్న నియమం ఉంటే, పట్టిక రాగానే తేడా బయటపడుతుంది. పాత తరం శాస్త్రవేత్తలు క్యాలిక్యులేటర్ పట్టుకునే ముందు అనోవా పట్టిక గీసుకొని, ఆ కాలమ్‌ను మొదట నింపేవారు. ఆ అలవాటును కోడ్‌లోకి తీసుకురావడమే ఇక్కడ అవసరం.

పేర్ల విషయంలో వ్యవసాయ విద్యార్థులకు ప్రత్యేకించి ఎదురయ్యే చిక్కు మరొకటుంది. ఆర్‌లో ‘ట్రూ’కు సంక్షిప్త రూపం ఇంగ్లిష్ పెద్ద అక్షరం టి. పూర్తి పదం మార్చడానికి వీలులేనిది. సంక్షిప్తాక్షరం మాత్రం ఎవరైనా మార్చగల మామూలు పేరు. ట్రీట్‌మెంట్‌ను టి అని పిలవడం వ్యవసాయ శాస్త్రంలో పాతుకుపోయిన అలవాటు. ట్రీట్‌మెంట్ల జాబితాకు ఆ అక్షరాన్నే పేరుగా పెడితే, కింద ఎక్కడైనా ‘ట్రూ’ అనే అర్థంలో వాడిన టి తన అర్థాన్ని కోల్పోతుంది. ఎప్పుడూ పూర్తి పదమే రాయాలన్న నియమం చాదస్తంగా కనిపించవచ్చు కానీ దాని వెనుక ఇంతటి కారణం ఉంది. అలాగే ఖరీఫ్, రబీ దత్తాంశాలు రెండింటినీ అటాచ్ ఆదేశంతో తెరిచి ఉంచితే, రెండింటిలోనూ దిగుబడి కాలమ్‌కు ఒకే పేరు ఉన్నప్పుడు చివరగా తెరిచిన దానినే ఆర్ స్వీకరిస్తుంది. ఏ కాలమ్ ఏ దత్తాంశానిదో ప్రతిసారీ స్పష్టంగా పేర్కొనాలి.

వెర్షన్ మారితే ఫలితం మారవచ్చు

కోడ్ మారకపోయినా ఆర్ వెర్షన్ మారితే ఫలితం మారే సందర్భాలున్నాయి. సెట్ డాట్ సీడ్ ఆదేశంతో ఒక సంఖ్య ఇచ్చి, శాంపిల్ ఫంక్షన్‌తో మడుల యాదృచ్ఛిక క్రమాన్ని నిర్ణయించడం నేడు సర్వసాధారణం. 2019లో వచ్చిన 3.6.0 వెర్షన్‌లో శాంపిల్ ఫంక్షన్ పనిచేసే పద్ధతిని సవరించారు. దానికి ముందు వేసిన లేఅవుట్‌ను అదే సీడ్ సంఖ్యతో నేడు మళ్లీ పొందాలని ప్రయత్నిస్తే సాధారణంగా వేరే లేఅవుట్ వస్తుంది. పాత పద్ధతినే వాడమని ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప పాతది రాదు.

మరొక ఉదాహరణ 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్. అంతకుముందు రీడ్ డాట్ సి.ఎస్.వి. ఆదేశం అక్షరాలున్న కాలమ్‌ను తనంతట తానే ఫ్యాక్టర్‌గా మార్చేది. దిగుబడి కాలమ్‌లో ఎలుకలు పాడుచేసిన ఒక మడికి విలువ లేదని సూచిస్తూ ఎవరైనా అడ్డగీత పెడితే కాలమ్ మొత్తం ఫ్యాక్టర్ అయిపోయేది. దాన్ని అంకెలుగా మారిస్తే దిగుబడుల స్థానంలో వాటి వరుస సంఖ్యలు నిశ్శబ్దంగా వచ్చి చేరేవి. కొత్త వెర్షన్లలో అదే మార్పు హెచ్చరికతో జరుగుతుంది, అడ్డగీత ఉన్న చోట విలువ లేదని నమోదవుతుంది. కాబట్టి రెండు నియమాలు తప్పనిసరి. లేని విలువకు విభాగమంతా ఒకే సంకేతం వాడాలి. సున్నా, 999, అడ్డగీత వంటివి ఎన్నడూ వాడరాదు. వాడిన ఆర్ వెర్షన్‌ను, ప్యాకేజీల వెర్షన్లను ఫలితాలతోపాటు భద్రపరచాలి. నేల రకం, వర్షపాతం రాయని క్షేత్ర ప్రయోగ నివేదిక ఎంత అసంపూర్ణమో, వెర్షన్ రాయని విశ్లేషణ కూడా అంతే అసంపూర్ణం.

తెలుగు వ్యాఖ్యలకు చోటు

కోడ్‌లో వ్యాఖ్యలు ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇంగ్లిష్ వ్యాఖ్య రాయడానికి సంకోచించి అసలు వ్యాఖ్యే రాయని విద్యార్థులు ఎందరో ఉన్నారు. విండోస్ కంప్యూటర్లలో పాత ఆర్ వెర్షన్లు తెలుగు అక్షరాల స్థానంలో యూనికోడ్ సంఖ్యలను చూపేవి. 2022లో వెలువడిన 4.2.0 వెర్షన్ నుంచి ఇటీవలి విండోస్‌లోనూ యు.టి.ఎఫ్.-8 పద్ధతి సహజంగా అమలులోకి వచ్చి ఆ చిక్కు చాలావరకు తొలగింది. కాలమ్‌ల పేర్లు, ఫైళ్ల పేర్లు రోమన్ అక్షరాలలో ఉంచి, ‘మూడో రెప్లికేషన్‌లో ఐదో మడికి నీరు ఆలస్యంగా అందింది, అందుకే ఈ విలువను తొలగించడమైనది’ వంటి వివరణను తెలుగులో రాయడానికి నేడు ఆటంకం లేదు. ఏం చేశారన్నది కోడే చెబుతుంది. ఎందుకు చేశారన్నది వ్యాఖ్య చెప్పాలి. ఆ కారణం ఏ భాషలో స్పష్టంగా వస్తే ఆ భాషలో రాయనివ్వాలి.

కొన్ని అభ్యంతరాలు

హిస్సార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం అందించే ఆప్‌స్టాట్, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆర్ ఆధారంగా రూపొందించిన గ్రేప్స్ వంటివి ఉండగా కోడ్ ఎందుకన్న ప్రశ్న సహజం. ఒక సీజన్‌లో జరిగిన సాధారణ ప్రయోగానికి అవి ఎంతో ఉపకరిస్తాయి, వాటి సేవను తక్కువ చేయరాదు. అయితే ఏ దత్తాంశాన్ని అతికించారు, ఏ మడిని వదిలేశారు, ఏ ఎంపికలను నొక్కారు అన్నది విడిగా రాసుకుంటే తప్ప తర్వాత తెలియదు. మూడు సంవత్సరాల దత్తాంశాన్ని కలిపి విశ్లేషించవలసి వచ్చినప్పుడు ఈ లోటు బయటపడుతుంది. మూడేళ్లలో ముగ్గురు విద్యార్థులు మూడు రకాల పేర్లతో, రెండు రకాల ప్రమాణాలతో నమోదు చేసిన దత్తాంశాన్ని కలపడం కొత్త ప్రయోగం వేసినంత శ్రమ అవుతుంది.

విద్యార్థులకు సమయం లేదన్నది రెండో అభ్యంతరం. రెండు సీజన్ల క్షేత్ర శ్రమ తర్వాత థీసిస్ గడువు తరుముతుండగా నియమాలు నేర్చుకోమనడం భారమే. అందుకే వాటిని చివర్లో కాక, లేఅవుట్ వేసే రోజునే నేర్పాలి. కృత్రిమ మేధ సాధనాలే కోడ్ రాసిపెడుతున్నప్పుడు నియమాలు ఎందుకన్నది మూడో అభ్యంతరం. రాసే శ్రమ తగ్గినకొద్దీ చదివి సరిచూసే బాధ్యత పెరుగుతుంది. ఎర్రర్ పదం ఉందో లేదో ఆ సాధనం హామీ ఇవ్వదు. ప్రయోగం వేసినవారే చూసుకోవాలి. చదవడానికి వీలైన కోడ్‌లోనే ఆ లోపం కంటపడుతుంది.

నియమాలు చాదస్తంగా మారతాయన్న భయంలోనూ నిజముంది. ఖాళీలు ఎన్ని పెట్టాలన్న దానిపై విద్యార్థిని నిలదీసి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తప్పును గమనించని పరీక్షకుడు ఎవరికీ మేలు చేయడు. అభిరుచి నియమాలను స్టైలర్, లింటర్ వంటి ప్యాకేజీలకు అప్పగించవచ్చు. మొదటిది కోడ్‌ను తనంతట తానే సర్దిపెడుతుంది. రెండోది నియమం తప్పిన చోట్లను ఎత్తిచూపుతుంది. మనుషుల దృష్టిని తప్పును అడ్డుకునే నియమాలపైనే నిలపాలి.

ఆచరణకు ఒక ప్రతిపాదన

ప్రతి విభాగం ఒక పేజీకి మించని నియమావళిని రూపొందించుకోవడం తొలి అడుగు. పైన చర్చించిన అంశాలే అందులో ఉంటే చాలు: అక్షరంతో మొదలయ్యే ట్రీట్‌మెంట్ సంకేతాలు, ప్రమాణం కలిసిన కాలమ్ పేర్లు, లేని విలువకు ఒకే సంకేతం, ముందుగా రాసుకున్న డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పూర్తి పదంగా రాసిన ‘ట్రూ’, వెర్షన్ వివరాలు, ఒకరి కంప్యూటర్‌కే పరిమితమైన ఫోల్డర్ చిరునామాలు లేని కోడ్. అసలు దత్తాంశపు ఫైలును ఎన్నడూ దిద్దరాదు. దిద్దుబాటు ఏదైనా కోడ్‌లోనే, కారణంతో సహా జరగాలి. ఫీల్డ్ బుక్‌లో తప్పు అంకెను చెరిపేయకుండా గీత కొట్టి పక్కన సరైనది రాయడంతో ఇది సమానం.

థీసిస్‌తోపాటు దత్తాంశం, కోడ్ రెండింటినీ విభాగానికి సమర్పించడం రెండో అడుగు. సమర్పణకు ముందు మరో విద్యార్థి తన కంప్యూటర్‌లో ఆ కోడ్‌ను మొదటి నుంచి నడిపి, థీసిస్‌లోని ప్రధాన పట్టికలు మళ్లీ వస్తున్నాయని నిర్ధారించి సంతకం చేయాలి. ఇందుకు అదనపు నిధులు అవసరం లేదు, ఒక పూట చాలు. ఆ పూటలో నడిపిన విద్యార్థి నేర్చుకునేది కూడా తక్కువేమీ కాదు. మార్గదర్శకులు సైతం తమ పాత కోడ్‌లను ఇదే పరీక్షకు పెట్టి చూపితే విద్యార్థులకు అంతకుమించిన పాఠం ఉండదు.

విశ్వవిద్యాలయం నుంచి వెలువడే ఎరువుల సిఫారసు చివరకు ఒక సంఖ్య. ఆ సంఖ్యను నమ్మి రైతు అప్పు తెచ్చి యూరియా కొంటాడు. విస్తరణ శాస్త్రవేత్త గ్రామసభలో నిలబడి ఆ సంఖ్యకు పూచీ పడతాడు. అది ఎలా వచ్చిందని రైతు అడిగితే మడి నుంచి తూకం దాకా ఫీల్డ్ బుక్ చూపించవచ్చు. తూకం నుంచి సిఫారసు దాకా చూపించగలిగేది కోడ్ మాత్రమే. ఆ రెండో సగాన్ని కూడా చదవదగినట్లు ఉంచడం విశ్వవిద్యాలయం రైతుకు చెల్లించవలసిన బాకీ.